బట్టీ ముందు పీట

మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్ళు ఉంటారంటారు. మా అత్తయ్యకు అంత శ్రమ ఎందుకు? ఆవలించినప్పుడు వచ్చిన గాలిని బట్టి పొద్దున్న ఏం తిన్నామో చెప్పేసేది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు డబ్బాలోంచి ఎవరూ చూడకుండా ఒక బిస్కెట్టు తిని, నోరు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు గుమ్మంలోకి వచ్చాను. "ఏలక్కాయదా, మామూలుదా?" అని అడిగింది. ఇంకోసారి పక్క దులుపుతూ, "దిండు తడి వాసనేస్తోంది, ఏడ్చావా?" అంది. ఆవిడతో ఒక ఇంట్లో ఉండటమంటే అద్దాల గదిలో ఉండటమే. మా మామయ్య సిగరెట్టు కోసం గుట్ట చివరిదాకా వెళ్ళి, కాల్చి, నోరు నిండా నిమ్మగడ్డి నమిలి, తేలు కుట్టిన దొంగలా తిరిగొచ్చేవాడు. ఆవిడ తల కూడా ఎత్తకుండా "ఒకటా, రెండా?" అనేది.

అయితే మా ఇల్లు గడిచింది కూడా ఆ ముక్కు మీదే. ఆ మాట ఒప్పుకోకపోతే కళ్ళు పోతాయి.

మా ఇంటి వెనక గుట్టంతా నిమ్మగడ్డి. గుట్టకూ ఇంటికీ మధ్య రేకుల షెడ్డు, అందులో బట్టీ. కోసి ఒక పూట వాడబెట్టిన గడ్డిని పెద్ద ఇనప డ్రమ్ములో వేసి, కాళ్ళతో తొక్కి, మూత బిగించి, సందుల్లో మట్టి మెత్తి, కింద మంట పెడతాం. ఆవిరి గొట్టంలో పడి, చన్నీళ్ళ తొట్టిలో మెలికలు తిరిగి, చల్లబడి, చివరన పెట్టిన డబ్బాలోకి బొట్టు బొట్టుగా దిగుతుంది. నీళ్ళు కిందికి పోతాయి, నూనె పైన తేలుతుంది. ఉడికిపోయిన గడ్డిని ఎండబెట్టి మళ్ళీ అదే పొయ్యిలో వేస్తాం.

చూడ్డానికి ఇంతే. ఎప్పుడు ఆపాలో తెలియడంలోనే ఉంది కష్టమంతా. ముందే ఆపితే నూనె గడ్డిలోనే ఉండిపోతుంది. ఆలస్యమైతే మాడు వాసన దిగి, అప్పటిదాకా దిగిన మంచి నూనెను కూడా పాడుచేస్తుంది. అందుకే ఆ గొట్టం పక్కన ఒక పొట్టి పీట, ఆ పీట మీద మా అత్తయ్య. బొట్టును వేలితో అందుకుని, మణికట్టు మీద రాసుకుని, ముక్కు దగ్గర పెట్టుకునేది. ఆవిడ "చాలు" అనగానే మామయ్య మంట లాగేసేవాడు. ఆ పీట మీద ఇంకెవరూ కూర్చునేవాళ్ళు కాదు. కూర్చోవద్దని ఎవరూ చెప్పలేదు. పిల్లి కూడా దాని పక్కనే పడుకునేది.

నూనె కొనే ఆయన వ్యానులో వచ్చేవాడు. చేతిలో జేబురుమాలు లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు కాబట్టి మాకు ఆయన జేబురుమాలాయన. మిగతా చోట్ల రుమాలు మీద చుక్క వేసుకుని, వాసన చూసి, మొహం చిట్లించి, అప్పుడు మాట్లాడతాడట. మా దగ్గర మాత్రం ఆ రుమాలుతో చెమట తుడుచుకునేవాడు. "అక్క చాలంది కదా, ఇంక నేను చూసేదేముంది?" అనేవాడు.

ఇదంతా బాగున్న రోజుల సంగతి. వానాకాలంలో అత్తయ్యకు పెద్ద జ్వరం వచ్చి చాలా రోజులు మంచం దిగలేదు. ఆవిడ లేచి తిరగడం మొదలుపెట్టిన కొన్నాళ్ళకే నాకు పాప పుట్టింది.

ఆస్పత్రి నుంచి తెచ్చి పాపను ఆవిడ ఒళ్ళో పెట్టాను. ఈవిడ ఉల్లిపాయను కూడా ముక్కు దగ్గర పెట్టుకోకుండా కొనని మనిషి. పుస్తకం చేతికిస్తే ముందు వాసన చూసి తర్వాత తెరిచే మనిషి. పక్కింటివాళ్ళ పిల్లలను కూడా ఎత్తుకోగానే నడినెత్తిన ముక్కు ఆనించి, "అబ్బ, ఎంత బాగుందే!" అని కళ్ళు మూసుకునే మనిషి. ఇక సొంత మనవరాలి సంగతి చెప్పాలా? నేను ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆవిడ కాళ్ళు చూసింది. వేళ్ళు చూసింది. "వాళ్ళ నాన్న చెవులే" అంది. తిరిగి నా చేతికి ఇచ్చేసింది.

ఆ రోజే కాదు, తర్వాత కూడా అంతే. స్నానం చేయించేది, ఉయ్యాల ఊపేది, ఒళ్ళో పడుకోబెట్టుకునేది. ఒక్కసారి కూడా ఆ తల మీద ముక్కు పెట్టలేదు. అది నా మనసులో ముల్లులా దిగింది.

"మీ అమ్మకు నా పిల్ల నచ్చలేదు" అన్నాను మా ఆయనతో.

"ఎందుకు నచ్చదు? పొద్దస్తమానం ఎత్తుకునే తిరుగుతోందిగా."

"ఎత్తుకోవడం వేరు."

"నీకు అన్నీ భూతద్దంలోనే కనిపిస్తాయి" అని అటు తిరిగి పడుకున్నాడు. అత్త మీద కోపం దుత్త మీద తీసినట్టు, నేను ఆ వారమంతా గిన్నెలు ఎత్తి పడేస్తూ కడిగాను. రెండు సొట్టలు పడ్డాయి.

దానికి తోడు ఇంకో బాధ మొదలైంది. బట్టీ పెట్టిన ప్రతిసారీ "అమ్మాయ్, ఇటు రా, ఇక్కడ నిలబడు" అని పిలిచేది. పాపను చంకనేసుకుని ఆ ఆవిరిలో ఆవిడ ఎదురుగా నిలబడాలి. "నేర్చుకోవాలిగా మరి" అనేది. నేర్పింది మాత్రం ఏమీ లేదు. మణికట్టు ముక్కు దగ్గర పెట్టుకుని నా మొహంలోకే చూస్తూ కూర్చునేది. నా మొహంలో ఏం వంక వెతుకుతోందో నాకు అర్థమయ్యేది కాదు. ఒకే ఒక్క ఊరట ఏమిటంటే, వంటింట్లో నన్ను పట్టుకోవడం మానేసింది. ఒకరోజు కూర అడుగంటి ఇల్లంతా కమురు వాసన కొట్టినా, పక్కనే కూర్చుని పాప గుడ్డలు మడతపెడుతూ మాట్లాడలేదు. పోనీలే, పసిపిల్ల తల్లినని వదిలేస్తోందనుకున్నాను.

నాట్ల రోజులు వచ్చాయి. నిమ్మగడ్డి ఒకసారి నాటితే అయిదారేళ్ళు ఉంటుంది. కోసిన కొద్దీ మళ్ళీ చిగురుస్తుంది. తర్వాత దుబ్బు ముసలిదైపోతుంది. అప్పుడు మంచి దుబ్బులను తవ్వి, పిలకలుగా విడదీసి కొత్త చోట నాటుకోవాలి. ఆ ఏడు గుట్ట మీద పైవాలంతా కొత్తగా నాటాలని మా ఆయన నేల సిద్ధం చేసి ఉంచాడు.

ఇక్కడొక చిక్కుంది. ఎప్పుడో మామయ్య తెలియక తెచ్చిన పిలకల్లో దోమల గడ్డి కలిసింది. దానికి పెద్ద పేరేదో ఉంది, మేం దోమల గడ్డి అంటాం. దాని నూనె దోమల మందుల్లోకీ నేల తుడిచే నీళ్ళలోకీ పోతుంది. నిమ్మగడ్డీ అదీ అక్కాచెల్లెళ్ళు. ఆకు అదే, దుబ్బు అదే, మా రకానికైతే కాడ మొదట్లో ఎరుపు కూడా అదే. కొస తుంచి నలిపితేనే తేడా. నిమ్మగడ్డి శుభ్రంగా, చురుగ్గా ముక్కుకెక్కుతుంది. దోమల గడ్డి తియ్యగా, బరువుగా, సబ్బునీళ్ళలో నిమ్మకాయ పిండినట్టు ఉంటుంది. రెండూ ఒకే డ్రమ్ములో పడితే ఆ నూనె రెంటికీ చెడ్డ రేవడి. ఒకసారి తప్పు పిలక నాటితే ఆ తప్పునే అయిదారేళ్ళు కోసుకుంటూ ఉండాలి.

అందుకని పిలకలు ఏరే పని అత్తయ్యది. మా ఆయన దుబ్బులు తవ్వి షెడ్డులో కుప్ప పోశాడు. ఆవిడ ఒక్కో పిలక తీసి, ఆకు కొస నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, మంచిదైతే కుడి పక్కకూ, దోమల గడ్డి అయితే ఎడమ పక్కకూ వేస్తోంది. నేను ఎదురుగా కూర్చుని కుడి కుప్పను కట్టలు కడుతున్నాను. మధ్యలో షెడ్డు మూల ఉయ్యాలలో పాప ఏడిస్తే లేచి వెళ్ళి, ఊపి, నిద్రపుచ్చి వచ్చాను. మళ్ళీ కట్ట కట్టబోతే చేతికి తియ్యటి బరువు వాసన తగిలింది. కుడి కుప్పలో దోమల గడ్డి.

నా మొదటి ఏడాదిలో ఆవిడ నన్ను ఇలాగే పరీక్షించేది. మంచివాటిలో ఒక చెడ్డది కలిపి, పట్టుకుంటానా లేదా అని చూసేది.

"ఏంటి అత్తయ్యా, మళ్ళీ పరీక్షా? ఇదిగో, దొరికింది" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం నన్నూ, నా చేతిలో పిలకనూ చూసింది. "పట్టుకున్నావే!" అని నవ్వింది. ఆ నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది.

తర్వాత ఇంకోటి దొరికింది. దాని కింద మరోటి. ఈసారి నేను నోరెత్తలేదు. తల వంచుకుని కట్టలు కడుతూ ఓరకంట చూశాను. ఆవిడ కొస నలిపింది, ముక్కు దగ్గర పెట్టుకుంది, కళ్ళు మాత్రం నా మీద ఉన్నాయి. చేతికందే దూరంలోనే ఉన్నాను కదా, ఆ వాసన నాకూ వచ్చి నా ముక్కు దానంతటదే ముడుచుకుంది. ఆవిడ దాన్ని ఎడమ పక్కకు వేసింది. తర్వాతి దానికి నా మొహం మామూలుగా ఉంది. అది కుడి పక్కకు వెళ్ళింది. నేను కావాలని ఉయ్యాల వైపు తిరిగాను. ఆవిడ చెయ్యి పిలకతో సహా గాల్లో ఆగింది. నేను ఇటు తిరిగేదాకా అలాగే ఉంది.

"పాలు పొంగుతాయేమో చూసొస్తా" అని లేచి వెళ్ళిపోయాను.

నిజం చెప్పొద్దూ, ముందు నాకు వచ్చింది సంబరమే. ఇన్నేళ్ళు నా బిస్కెట్టునూ, నా కన్నీళ్ళనూ పట్టిచ్చిన ముక్కు మూగబోయింది! బట్టీ ముందు నన్నెందుకు నిలబెట్టిందో అప్పుడు తెలిసింది. నేర్పడానికి కాదు. మాడు వాసనకు నా ముక్కు ముడుచుకుంటే "చాలు" అనడానికి. ఇవాళ అడిగే తీరాలి, ముక్కుసూటిగా అడిగేస్తాను, అనుకుంటూ షెడ్డు వెనక నుంచి తిరిగొచ్చాను. రేకుల సందులోంచి ఆవిడ కనిపించింది.

ఒక్కతే ఉంది. అలమరలో నమూనా సీసాలుంటాయి, అన్నీ పాత పంటల నూనెలు. ఒక్కొక్కటే మూత తీసి ముక్కు కింద పెట్టుకుంటోంది. తీస్తోంది, పీలుస్తోంది, మూత పెడుతోంది. ఆఖరి సీసా కూడా అయ్యాక ఉయ్యాల దగ్గరికి వెళ్ళింది. తాడుకు తగిలించిన పాప టోపీ తీసుకుంది. మొహానికి అదుముకుని గట్టిగా ఊపిరి తీసింది. తిప్పి లోపలి వైపు పెట్టుకుంది. మళ్ళీ తీసింది. పారేసుకున్న ఉంగరం కోసం అదే సంచిలో మళ్ళీ మళ్ళీ చెయ్యి పెట్టి వెతికినట్టు ఆ చిన్న టోపీని వెతికింది. తర్వాత దాన్ని జాగ్రత్తగా తాడుకు తగిలించి, పడుకున్న పాపను చూస్తూ నిలబడింది. వంగలేదు.

నా పిల్ల తల మీద ముక్కు పెట్టకపోవడం ఇష్టం లేక కాదు. పెడితే ఏమీ రాదని తెలిసి. టోపీలో రాకపోతే సరిపెట్టుకోవచ్చు, పిల్ల దగ్గర కూడా ఏమీ రాకపోతే ఇక ఆశ ఉండదని భయం. నాకు అక్కడే ఏడుపొచ్చింది. ఆవిడ మీద పెట్టుకున్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు, జాలి మాత్రం మిగిలింది.

ఇక మింగలేక కక్కలేక నేను. చెబితే ఆవిడ పీట పోతుంది. ఆ పీట లేకపోతే మా అత్తయ్య ఏమవుతుంది? చెప్పకపోతే మర్నాడే నాట్లు, గుట్ట మీద దోమల గడ్డి. చివరికి ఒక ఉపాయం ఆలోచించాను. పొద్దున్నే అందరికన్నా ముందు లేచి పిలకలు మళ్ళీ ఏరేస్తాను. బట్టీ దగ్గర నా మొహం ఎలాగూ ఉంది, వాడుకోనీ.

ఉపాయాలకేం, బోలెడు. ఆ రాత్రి పాప నిద్రపోనివ్వలేదు, పొద్దున్న నాకు మెలకువ వచ్చేసరికి బట్టీ ఉడుకుతోంది, మా ఆయన కట్టలు గంపలోకి ఎత్తుతున్నాడు.

"అమ్మాయ్, రా, నిలబడు" అని అత్తయ్య పిలిచింది.

పాపను ఎత్తుకుని నిలబడ్డాను. ఈసారి ఆవిడకు కష్టం లేకుండా చేద్దామని ప్రతి బొట్టుకూ మొహం పెద్దదిగా పెట్టాను. బాగున్నంతసేపూ కళ్ళు విప్పార్చి, పెదాలు సాగదీసి, తల ఊపుతూ ఉన్నాను. మామయ్య మంట ఎగదోస్తూ నన్ను చూసి, "కడుపులో ఏమైనా నొప్పిగా ఉందా అమ్మా?" అని అడిగాడు.

అంతలో వ్యాను ఆగింది. జేబురుమాలాయన చెమట తుడుచుకుంటూ వచ్చి, జేబులోంచి చిన్న సీసా తీశాడు.

"అక్కా, ఇది నువ్వే చూడాలి. అవతలి గుట్ట మీద కొత్తగా బట్టీ పెట్టిన కుర్రవాడిది. ఏదో కలిపాడని నా అనుమానం. అచ్చమైన నిమ్మగడ్డేనని పిల్లల మీద ఒట్టేస్తున్నాడు. నువ్వు మంచిదంటే తీసుకుంటా, కాదంటే ఇక వాడి గడప తొక్కను."

అత్తయ్య చుక్క మణికట్టు మీద వేసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళెత్తి నన్ను చూసింది.

మా ఇద్దరి మధ్య ఆవిరి. షెడ్డు నిండా మా నూనె వాసనే. ఆ చుక్క వాసన నాదాకా రావడమే లేదు. బాగుందని పెట్టనా, బాగాలేదని పెట్టనా? ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి బతుకు నా మొహం మీద ఆధారపడింది. ఏం చెయ్యాలో తెలియక ఆవిడకు ధైర్యంగా ఉంటుందని నవ్వాను. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆవిడ చాలాసేపు చూసింది. మణికట్టు దించి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?" అని అడిగింది.

"ఏం తెలుసు అత్తయ్యా? నాకేం..."

"ముక్కు పోయింది గానీ కళ్ళు పోలేదే. ఇన్నాళ్ళూ నీ మొహంలో వాసన కనపడేది. ఇవాళ జాలి కనపడుతోంది. జాలితో నేను నూనె ఎట్లా తియ్యను?"

నేను తల వంచుకున్నాను. "నిన్నట్నుంచి" అన్నాను.

ఆవిడ పీట మీద నుంచి లేచింది. "తమ్ముడూ, నాకు వాసన రావడం లేదు. జ్వరం వచ్చినప్పట్నుంచి నాకు ఏ వాసనా లేదు. దీని మొహం చూసి చాలంటున్నాను. ఒరేయ్, ఆ గంప దింపు. ఆ పిలకలు కూడా అట్లా ఏరినవే. ఒక్కటి కూడా నాటకు."

మా ఆయన గంప దించాడు గానీ, చేతులు దాని మీదే ఉండిపోయాయి. అప్పుడు మామయ్య పొయ్యి ముందు నుంచి మెల్లగా అన్నాడు.

"అదా సంగతి! ఈ మధ్య ఎన్ని కాల్చినా ఏమీ అనడం లేదేంటా అనుకున్నా. ముసలితనంలో నా మీద ప్రేమ పుట్టిందనుకున్నానే."

"ఎక్కడ కాలుస్తున్నావు?"

"ఇక్కడే. నీ వెనకాలే."

ఆవిడ నవ్వబోయింది. సగంలోనే ఏడుపొచ్చేసింది. మామయ్య లేచి, మసి చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక, ఆ చేతులతోనే ఆవిడ భుజం పట్టుకున్నాడు.

"పోనీలే అక్కా, తగ్గుతుందేమో, డాక్టరుకు చూపిద్దాం" అని జేబురుమాలాయన గొణిగాడు.

"చూపిద్దాం, చూపిద్దాం" అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నా చేతుల్లోంచి పాపను తీసుకుంది. "కూర్చో" అంది.

"నేనా? అమ్మో, వద్దు అత్తయ్యా."

"నీ కోసం బొట్లు ఆగుతాయా? కూర్చో."

కూర్చున్నాను. పీట ఇంకా వెచ్చగా ఉంది. బొట్టు అందుకుని మణికట్టు మీద రాసుకున్నాను. ఇంకో బొట్టు. ఇంకోటి. నిమ్మ వాసన కింద సన్నగా, ఎక్కడో గుడ్డ కాలుతున్నట్టు ఒక మాడు మెదిలింది. "చాలు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మామయ్య అత్తయ్య వైపు చూడలేదు. వెంటనే మంట లాగేశాడు.

తర్వాత ఆ సీసా పట్టుకుని బయట గాలిలోకి వెళ్ళి చూశాను. తియ్యగా, బరువుగా ఒక పొర తగిలింది.

"ఇందులో దోమల గడ్డి ఉంది. కానీ నూనెలో కలిపింది కాదేమో బాబాయ్. పొలంలోనే కలిసుంటుంది. ఆయన ఒట్టు నిజమే అయ్యుంటుంది, పిలకలు ఏరుకోవడం రాక" అన్నాను.

జేబురుమాలాయన అత్తయ్యను చూశాడు. అలవాటు కదా. ఆవిడ నన్ను చూపించింది. "అయితే వాడి గడప తొక్కడం మానను. పిలకలు పట్టుకుని ఇక్కడికి రమ్మంటాను" అన్నాడు.

మధ్యాహ్నం కట్టలన్నీ విప్పి మళ్ళీ కూర్చున్నాం. ఈసారి కొసలు నలిపేది నేను. అత్తయ్య పక్కన పాపను ఒళ్ళో వేసుకుని కూర్చుంది. నేను కుడికీ ఎడమకూ వేస్తుంటే కాసేపు ఊరకే చూసింది.

"ఇది ఎట్లా ఉంది?" అంది ఒకదాన్ని చూపించి.

"నిమ్మగడ్డే అత్తయ్యా."

"పేరు కాదే. ఎట్లా ఉందో చెప్పు."

నాకెప్పుడూ చెప్పాల్సిన పని పడలేదు. తడుముకుంటూ, "చన్నీళ్ళతో మొహం కడుక్కున్నట్టు" అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని, తల ఊపి, "ఊఁ, అంతే, అంతే. ఇంకోటి చెప్పు" అంది. నేను చెబుతూ ఏరాను. దోమల గడ్డిని కూడా వదలకుండా అడిగింది. కుప్ప తరిగిపోయింది. పాప ఆవిడ మోచేతి మీద తల పెట్టి నిద్రపోయింది.

తర్వాత పాపనే చూస్తూ, చాలా చిన్నగా అడిగింది.

"దీని తల ఎట్లా ఉంటుందే?"

నా చేతిలో పిలక జారిపోయింది. గడ్డి వాసన పోయేదాకా సబ్బు పెట్టి చేతులు కడుక్కుని వచ్చి, వంగి, పాప నడినెత్తిన ముక్కు ఆనించాను. రోజూ చూసే వాసనే. ఆవిడ కోసం మొదటిసారి చూసినట్టు చూశాను.

"వెచ్చగా ఉంటుంది అత్తయ్యా. ఎండలో ఆరిన గుడ్డ లాగా. దాని మీద చుక్క పాలు ఒలికి ఆరిపోయినట్టు, కొంచెం పులుపు. కొంచెమే. లోపలెక్కడో తీపి."

ఆవిడ కదలకుండా వింది. కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవే కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"చెవి వెనక ఇంకా ఎక్కువగా ఉంటుంది కదూ?" అంది.

"అవునత్తయ్యా. చెవి వెనకే ఎక్కువ."

"మీ ఆయనదీ అంతే. పుట్టినప్పుడు అచ్చం అట్లాగే ఉండేవాడు. నాకు గుర్తుంది. మర్చిపోలేదు."

అప్పుడు వంగి, పాప చెవి వెనక ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని, నిండా ఊపిరి తీసుకుంది. చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఏమైనా వచ్చిందా అని నేను అడగలేదు.